తలా ఒక బెల్లం ముక్క

ఒక పెద్ద అడవిలో, అంటే ఈ కొస కెళ్లి ఆ కొసకు కొండముచ్చు దుంకుకుంట పోయినా రెండు పూటలు పట్టేటంత అడవిల, ముత్తయ్య అని ఒక ఎలుగుబంటి ఉండె. బీరు చేసుడు ఆయన పని.

దుకాణంల అమ్మే బీరు గాదు. జొన్నలు నానబెట్టి, మొలకలు రానిచ్చి, ఎండబెట్టి, దంచి, ఉడికిచ్చి, సల్లార్చి, పెద్ద కుండల పోసి మూతి గట్టేటోడు. పది పన్నెండు రోజులు అది లోపల్లోపల బుసబుస పొంగేది. పొంగుడు ఆగినంక సీసలకు పోసేది. సీసలకేం కరువు? అడవి చూస్తమని వచ్చే మనుషులు తాగి పారేసి పోతనే ఉంటరాయె. చెట్ల కింద ఏరుకుంటె చాలు.

ఆయన పెండ్లాం సాయవ్వ. కుండ కాడ ఆయన, సీసల కాడ ఆమె. ఇరవై ఏండ్లు అట్లనే గడిచినయి.

ఒకనాడు పొద్దుగాల ముత్తయ్య లేవలే. జెరం లేదు, నొప్పి లేదు. ముందునాడు బుక్కెడు తిన్నడు, పండుకున్నడు, అంతే. పొయ్యేటోళ్లు ఒక మాట చెప్పి పోతె బాగుండు. చెప్పరు.

అడవి కదిలి వచ్చింది. బొంద తవ్విన్రు. తలా ఒక పిడికెడు మన్ను ఏసిన్రు. "ఎంత మంచోడే" అన్నరు. బతికున్నప్పుడు ఒక్కడన్న ఆ మాట అంటె ఆయన కుండెడు బీరు ఉత్తగనే పోస్తుండె. అనలే.

ఆ అడవిల ఒక రివాజు ఉన్నది. పదకొండోనాడు దినం చేస్తరు. ఆనాడు బొంద మీద సాక పొయ్యాలె. అంటే పోయినోళ్లకు ఇష్టమైన తాగేది నేల మీద ఇంత ధార కట్టాలె. అది పడితెనే వాళ్ల గొంతు తడుస్తది. పడకుంటె దూపతోనే తిరుగుతరంట. నిజమో అబద్ధమో, చూసొచ్చినోడు ఎవడు? గని, ఇంట్లోళ్లు పోయినంక అట్లాంటియి నమ్మకుండ ఉండుడు అయ్యేది గాదు.

ముత్తయ్య పెట్టిన ఆఖరి కుండ ఇంట్ల మూలకు ఉన్నది. ఆయన పోయిన మూడోనాడు సాయవ్వ దానికి చెవి పెట్టి ఇన్నది. సప్పుడు లేదు. పొంగుడు ఆగింది. ఆయన చేతి కుండ ఇగ ఇంకోటి ఉండదు. దీంట్లకెళ్లే సాక పొయ్యాలె అనుకున్నది.

గని ఒక సంగతి. కుండలకెళ్లి తీసిన బీరు సప్పగ ఉంటది. నురగ ఉండదు, నాలిక మీద చురుక్కుమనదు. చురుక్కు రావాలంటె సీసల పోసేటప్పుడు ఇంత తీపి పడాలె. బీరుల మిగిలిన పులిసే గుణం ఆ తీపిని తిని గ్యాసు పుట్టిస్తది. మూతి బిగిచ్చి ఉంటది గనుక ఆ గ్యాసు యాడికీ పోలేక బీరులనే ఇమిడిపోతది. తీపి తక్కువైతె సప్పన. ఎక్కువైతె సీస పగుల్తది. ముత్తయ్య సీసకు రేగుగింజంత బెల్లం ఏసేటోడు. కొలిచింది లేదు, తూచింది లేదు. చేతికే ఎరుక.

సప్పటి బీరు ఆయనకు పడకపోయేది. "గిది బీరా, జొన్నలు కడిగిన నీళ్లా?" అని ఉమిసేటోడు. అసొంటోని బొంద మీద సప్పటిది ఎట్ల పోస్తది సాయవ్వ?

నలభై సీసలు కడిగి బోర్లిచ్చింది. బెల్లం ముందల పెట్టుకుని కూసున్నది. ఎండకాలమే గాని, సీసల బీరు ఎంత లేదన్న ఐదారు రోజులు ఉండాలె. దినానికి ఇంక ఎనిమిది రోజులున్నయి. మస్తు టైమున్నది.

అప్పుడొచ్చిండు నక్క ఆశన్న. పంచాయతి కార్యదర్శి.

"ఏం జేస్తున్నవు వదినె?"

"కనవడ్తలేదా ఆశన్నా? సీసలకు పోస్తున్న."

"ఎవరు పొయ్యమన్నరు?"

"ఎవరు పొయ్యమనాలె? మా ఇంటి కుండ. మా ఆయన పెట్టిన బీరు."

ఆశన్న తోక ముందుకు తెచ్చుకుని దువ్వుకున్నడు. "ఆయన ఉన్నన్ని రోజులు మీ ఇంటి కుండ. దినంనాడు అడవంత తాగుతది. అడవంత తాగేది అడవి సొత్తు. అడవి సొత్తుల బెల్లం ఎయ్యాలంటె పంచాయతి తీర్మానం కావాలె."

"రేగుగింజంత బెల్లానికా?"

"గింజంత అని నువ్వంటున్నవు. రేపు ఎవనికన్న కడుపు నొస్తె నన్నడుగుతరు. నేనేం చెప్పాలె?"

"ఇరవై ఏండ్ల నుంచి తాగుతున్నవు గద. నీకెన్నడన్న నొచ్చిందా?"

"నేను తాగుడు వేరు, నేను రాసుడు వేరు వదినె," అన్నడు ఆశన్న. కుండ మీద ఒక మోదుగాకు అంటిచ్చి, దాని మీద గోరుతోని గీత గీసి పోయిండు. ఆ గీత పంచాయతి ముద్ర. అది చింపితె నేరం.

సాయవ్వ ఆ ఆకును చూసుకుంట కూసున్నది. సావైన ఇంట్ల అందరు మాట్లాడుతరు. ఎవరి మనిషి పోయిండో వాళ్లు తప్ప.

తెల్లారి పంచాయతి బండ కాడ సభ పెట్టిన్రు. సర్పంచి అడవిదున్న జంగయ్య. ఒళ్లు పెద్దది, కొమ్ములు పెద్దయి, నిర్ణయాలు మాత్రం ఎన్నడు చేసినోడు గాదు. ఎవరేం చెప్పినా "నువ్వన్నదీ నిజమే" అంటడు. వానకాలం ఎలచ్చన్లున్నయి మరి.

"ముందుగాల మన ముత్తయ్యకు జరసేపు మౌనం," అన్నడు జంగయ్య. అందరు తల దించిన్రు. మౌనం అయిపోయిందని చెప్పాల్సింది జంగయ్యనే. ఆయన నిలబడే నిద్రపోయిండు. పొద్దు నెత్తి మీదికొచ్చేదాక ఒక్కడు తల ఎత్తలే. ఎత్తితె ముత్తయ్య మీద ప్రేమ లేదంటరని భయం.

ఒక ఈగ జంగయ్య ముక్కుల దూరితె, తుమ్మి లేచిండు. సభ మొదలైంది.

"ఇయాల్టి సంగతి," అని ఆశన్న సదివిండు, "కీర్తిశేషులు ముత్తయ్య బీరుల గ్యాసు ఎట్ల ఎక్కియ్యాలె."

నెమలి విలాస్ రావు ముందుకొచ్చిండు. పట్నంల జంతువుల పార్కుల రెండేండ్లు బోనుల ఉండి వచ్చినోడు. అప్పటిసంది అందరు సార్ అంటరు. "బెల్లంతోని గ్యాసు పుట్టిచ్చుడు ఏం పద్ధతయ్యా? పాతకాలం పద్ధతి. మా పార్కు గేటు కాడ సోడా మిషిను ఉండె. సీస పెట్టి చక్రం తిప్పితె బుస్సుమని ఎక్కుతది. నిమిషం పని."

"ఆ మిషిను మన కాడ ఉన్నదా సార్?" అని అడిగిండు జంగయ్య.

"లేదు."

"గ్యాసో?"

"అదీ లేదు."

"మరేమున్నది?"

"చూసిన అనుభవం ఉన్నది."

అందరు గౌరవంగ తలలూపిన్రు. "సార్ అన్నదీ నిజమే," అన్నడు జంగయ్య.

అడవిపంది బుచ్చిలింగం లేచిండు. ముత్తయ్య బతికున్నన్నాళ్లు ఈయన బీరు ఎవ్వడు ముట్టలే. ఆ మంట లోపల ఉన్నది. "మా ఇంట్ల నిన్ననే కొత్త కుండ పెట్టిన. ఇప్పుడు మంచి పొంగు మీదున్నది. సీసకొక గంటెడు నా పొంగు కలుపుర్రి. పొంగే బీరు తగిలితె సప్పటి బీరు గుడ లేసి కూసుంటది."

"నీ కుండల ఏమేసినవు?" అన్నది సాయవ్వ.

"జొన్నలేసిన. తునికిపండ్లు ఏసిన."

"ఇంకా?"

"దొరికినయి ఏసిన. నన్ను విచారణ చేస్తున్నవా ఏంది?"

"బుచ్చిలింగం అన్నదీ నిజమే," అన్నడు జంగయ్య.

ఆశన్న గొంతు సవరిచ్చుకున్నడు. "నాదొక మనవి. సీస సీసకు బెల్లం ఏస్తె ఒకదాంట్ల ఎక్కువ పడ్తది, ఒకదాంట్ల తక్కువ పడ్తది. రేపు కొట్లాటలైతయి. బెల్లమంత కరిగిచ్చి ఒక్కసారే కుండల కలిపి, అటెన్క సీసలకు పోస్తె అందరికి సమానం. కలిపే గంటె పంచాయతి కాడ ఉండాలె. పంచాయతి గంటె అంటే కార్యదర్శి కాడ ఉన్నట్టు."

ఇంతట్ల నేనొక మాట చెప్పాలె. మిషిను ఉంటె మిషినుతోని అయితుండె. పందిది కుండ శుద్ధంగ ఉంటె ఆ పొంగుతోనీ అయితుండె. నక్క చెప్పింది గుడ మంచి పద్ధతే. ఏదన్న ఒక్కటి పట్టుకుంటె బీరు లేస్తుండె. గని ఒక్కటి చెయ్యాలంటె తక్కినోళ్లు ఊకుండాలె గద. ఊకుండుడు వాళ్లకు రాదు.

ఆఖరుకు సాయవ్వను అడిగిన్రు.

"రేగుగింజంత," అన్నది. "ఆయన అంతే ఏసేటోడు. ఒక్క సీస పగల్లే, ఒక్క సీస సప్పబడలే."

"అది యాడన్న రాసి ఉన్నదా?" అన్నడు ఆశన్న.

"ఆయన చేతిల ఉండె."

"ఆ చెయ్యి ఇప్పుడు యాడున్నది?"

సాయవ్వ ఆశన్న దిక్కు చూసింది. "మన్నుల ఉన్నది," అన్నది. "నువ్వు గుడ ఒక పిడికెడు ఏసినవు గద. మర్చినవా?"

ఆశన్న రాసుకున్నడు: దరఖాస్తుదారు కాడ ఆధారం లేదు.

సభ రేపటికి పోయింది. రేపు ఎల్లుండికి పోయింది. నడుమ జంగయ్య ఇంటింటికి తిరిగిండు. నెమలి ఇంట్ల "సార్, మీ పద్ధతే మేలు" అన్నడు. పంది ఇంట్ల "నీ పొంగు ముందల ఏదీ ఆగదు" అన్నడు. నక్కకు "గంటె నీదే" అని చెవుల చెప్పిండు. సాయవ్వ ఇంటికి గుడ వచ్చి, గడపల నిలబడి, "చెల్లే, రేగుగింజకు తిరుగులేదు" అన్నడు.

"మరి గదే మాట బండ మీద చెప్పరాదు అన్నా?" అన్నది సాయవ్వ. "రోజులు అయిపోతున్నయి. సీసల పడి ఐదు రోజులన్న ఉండకపోతె ఆయనకు సప్పటిదే పోసుడైతది."

"చెప్త చెల్లే. టైము రావాలె గద," అని పోయిండు జంగయ్య.

ఆరోనాడు బండ కాడ పెద్ద లొల్లి అయింది. నెమలి పురి ఇప్పి నిలబడ్డడు. పంది నేలను కుళ్లబొడిచిండు. లొల్లి లొల్లిల బుచ్చిలింగానికి ఒక మాట తట్టింది. అడవి మొత్తానికి తెలివి నేర్పినట్టు అరిసిండు.

"ఇనుర్రి! ముత్తయ్యను బొందల పెట్టిననాడు మన్ను ఎవరేసిన్రు? ఒక్కడేసిండా? అందరం తలా ఒక పిడికెడు ఏసినం. మరి బెల్లం ఏసేటప్పుడు ఒక్కలే ఏసుడు ఏంది? అందరి చెయ్యి పడాలె!"

అడవి చప్పట్లు కొట్టింది. జంగయ్య మొఖం ఎలిగింది. అందరి మాట ఒప్పుకునే తొవ్వ ఆయనకు ఇన్నేండ్లకు దొరికింది.

"తీర్మానం!" అన్నడు. "ప్రతి సీసల సాయవ్వ రేగుగింజ పడాలె. నక్క కరిగిచ్చిన బెల్లంనీళ్లు పడాలె. పంది గంటెడు పొంగు పడాలె. మన సార్ పద్ధతికి మిషిను లేదు గనుక, సార్ ప్రతి సీసను ముక్కుతోని పట్టి మంచిగ ఊపాలె. నేను సర్పంచిని గనుక నా ముక్క జర పెద్దగ ఉండాలె. అటెన్క మన్ను ఏసినోళ్లందరు వచ్చి తలా ఒక ముక్క ఏసుకోవచ్చు."

సాయవ్వ లేచింది. "అన్నా, మన్ను వేరు, బెల్లం వేరు. మన్ను ఎంతేసినా బొంద ఊకుంటది. బెల్లం ఊకుండదు. సీస పగుల్తది."

"చూసిన్రా," అన్నడు బుచ్చిలింగం, "మన ప్రేమ ఈమెకు ఎక్కువైందంట."

"ప్రేమ ఎక్కువైతె పగులుతదా వదినె?" అన్నడు ఆశన్న. అడవి నవ్వింది.

"పగుల్తది," అన్నది సాయవ్వ. "సరే, మీ ఇష్టం. నాకొక్క సీస ఇడిసిపెట్టుర్రి. ఒక్కటే. దాంట్ల ఆయన లెక్కనే ఏసుకుంట. సాకకు చాలు. ముప్పై తొమ్మిదిట్ల మీరు ఏం ఏసుకున్నా నేను అడగ."

జంగయ్య ఆశన్న దిక్కు చూసిండు. ఆశన్న తల అడ్డంగ ఊపిండు. "నీకొక్క సీస ఇస్తె రేపు కుందేలు ఒకటి అడుగుతది, ఉడుత ఒకటి అడుగుతది. నియమం అందరికి ఒక్కటే."

"కుందేలు మొగడు సచ్చిండా?"

"సచ్చినోని పెండ్లాం అని నియమంల యాడా లేదు," అన్నడు ఆశన్న.

అట్ల అయింది.

పనసచెట్టు కింద నలభై సీసలు వరుస పెట్టిన్రు. సాయవ్వ ఒక్కొక్క దాంట్ల ముత్తయ్య బీరు పోసి, ఒక్కొక్క రేగుగింజ ఏసి పక్కకు జరిగింది. అటెన్క జాతర. దుప్పులు వచ్చినయి, ఉడుతలు వచ్చినయి, ముంగిసలు వచ్చినయి. మన్ను ఏసిననాడు రానోళ్లు గుడ బెల్లం ఏసేనాడు వచ్చిన్రు. ముండ్లపంది అయితె ముత్తయ్య ఎవరో తెల్వదన్నడు, అయినా ఏసిండు. "అందరు ఏస్తుంటె నేను ఎయ్యకుంటె ఏమనుకుంటరు?" అన్నడు. వరుసల నిలబడ్డోళ్లు ఒకల్నొకలు చూసుకున్నరు. పక్కోడు ఎంత ఏసిండో చూసి, దాని కన్న జర పెద్ద ముక్క ఏసిన్రు. చిన్నది ఏస్తె చిన్న మనసు అంటరు గద.

జంగయ్య ముక్క సీస మూతిల పట్టలే. దంచి, ఆకు గొట్టం పెట్టి పోసిన్రు.

ఆఖరుకు సీసల బీరు పైకొచ్చి, కింద బెల్లం బురద లెక్క పేరింది. మూతులకు బిరడలు కొట్టి, తీగెలు సుట్టి బిగిచ్చిన్రు. విలాస్ రావు ఒక్కొక్కటి ముక్కుతోని పట్టి ఊపిండు. "పట్నంల కన్న మంచిగ ఊపిన," అన్నడు.

"వాగు ఇసుకల పెట్టుర్రి," అన్నది సాయవ్వ. "సల్లగ ఉండాలె. ఇంత తీపికి ఎండ తగిలితె ఇగ ఆపుడు ఎవనితోని గాదు."

"పంచాయతి సొత్తు వాగుల పెడ్తరా ఎక్కడన్న?" అని ఆశన్న సీసలన్నిటిని పంచాయతి బండ కింద సొరికెల, అంటే గుహ లెక్కున్న సందుల, పెట్టిచ్చిండు. పొద్దున్నుంచి పొద్దుమీకేదాక ఎండ కొట్టే బండ అది. జంగయ్య కూసునే గద్దె సరిగ్గ దాని మీదనే ఉంటది. సొరికె మూతికి కంపకొట్టి, ముద్ర ఆకు అంటిచ్చి, కావలి పెట్టిన్రు.

పదోనాడు పగటీలి సొరికెల "ఠప్" అని ఒక సప్పుడైంది.

కావలి ముంగిస ఉరికొచ్చి చెప్పిండు. పంచాయతి కూడింది. సాయవ్వ గుడ ఉరికొచ్చింది.

"ఒక సీస పోయింది," అన్నది రొప్పుకుంట. "ఇంకా టైము ఉన్నది. ఒక్కొక్క బిరడ జర లూజు చేసి గ్యాసు ఇడిసి, మళ్ల బిగియ్యాలె. నేను చేస్త. నాకు అలవాటే. ఆయన ఎండకాలం అట్లనే చేసేటోడు."

"బిరడ ఇప్పితె ముద్ర ఇప్పినట్టే," అన్నడు ఆశన్న. "ముద్ర ఇప్పాలంటె తీర్మానం. తీర్మానానికి అందరు ఉండాలె. బుచ్చిలింగం ఏడి?"

"తినబోయిండు."

"ఎప్పుడొస్తడు?"

"తినుడు అయిపోయినంక."

పంది తినుడు ఎప్పుడు అయిపోయింది గనుక? పొద్దు వంగింది.

"అయినా ఆ సప్పుడుకు భయమెందుకు?" అన్నడు జంగయ్య. "నాకైతె ముత్తయ్య సంబురంతోని చిటికె ఏసినట్టు ఇనవడ్డది."

అందరికి ఆ మాట మస్తు నచ్చింది. ఆశన్న రాసుకున్నడు: కీర్తిశేషులు పంచాయతి పనితీరు మీద సంతోషం తెలిపిన్రు.

సాయవ్వ సొరికె ముందల కూసున్నది. లోపల సీసలు సన్నగ కీచుమంటున్నయి. ఆమె తప్ప ఎవ్వలు ఇంటలేరు. "ఆగుర్రి," అన్నది సీసలతోని. "రేపటిదాక ఆగుర్రి. ఒక్కటన్న ఆగుర్రి."

దినంనాడు పట్టపగలు. ఎండ నిప్పులు చెరుగుతున్నది. అడవంత బండ సుట్టు కూడింది. సాయవ్వ పొద్దుగాలనే వచ్చి అడిగింది, "ముందు సాక పోసుకుంట, ఒక్క సీస తియ్యుర్రి" అని. "ముందు ఉపన్యాసాలు," అన్నడు ఆశన్న. "సాక కార్యక్రమంల ఆఖరికున్నది."

విలాస్ రావు మాట్లాడిండు, పార్కు గురించి. బుచ్చిలింగం మాట్లాడిండు, తన కుండ గురించి. జంగయ్య గద్దె ఎక్కి నిలబడ్డడు.

"మన ముత్తయ్య," అన్నడు, "ఎన్నడు పొంగినోడు గాదు. ఎంత ఒత్తిడి ఉన్నా లోపలనే దాసుకున్నడు..."

ఠప్.

"...అసొంటి మనిషి..."

ఠప్. ఠప్. ఠఠఠప్!

ఒక సీస పగిలితె పక్క సీసకు దెబ్బ. దానికి తగిలితె ఇంకోదానికి. సొరికెల కెళ్లి నురగ ఏనుగు తొండం లెక్క బయటికి లేసింది. కంప ఎగిరిపోయింది. బిరడ ఒకటి బండ సందుల కెళ్లి లేసి, జంగయ్యకు గద్దె కిందికెళ్లి తగలరాని కాడ తగిలింది. అంత పెద్ద దున్న, దూడ లెక్క అరిసి దుంకిండు. విలాస్ రావు తోక ఈకలు సగం నేల మీద, సగం గాలిల. బుచ్చిలింగం నురగల జారి, బోర్ల పడి, "నా పొంగు గాదు, నా పొంగు గాదు" అని ఒర్రుకుంట పాకిండు. ఆశన్న అందరి కన్న ముందే చెట్టు ఎక్కి ఉన్నడు. నక్కలు చెట్లెక్కవంటరు గని, ఆనాడు ఎక్కింది.

అడవంత బయటికి ఉరుకుతున్నది. ఒక్క సాయవ్వ లోపలికి ఉరికింది.

"ఒక్కటి," అనుకుంట ఉరికింది. "ఒక్కటే."

సొరికెల దూరి చేతికందిన సీసను గుండెకు ఒత్తుకున్నది. అది గుండె మీదనే పగిలింది. ఇంకోటి అందుకున్నది. అదీ పగిలింది. మూడోది ముట్టకముందే పోయింది. ఎలుగు బొచ్చు మందం గనుక గాజు లోపలికి దిగలే, అక్కడక్కడ గీరింది. మిగిలిన సీసల బీరు, ముత్తయ్య పెట్టిన ఆఖరి కుండ, ఆమె మీద కురిసింది. తల నుంచి కాళ్లదాక తడిసింది.

సప్పుడు ఆగినంక బయటికొచ్చింది. చేతుల ఏం లేదు. బండ సందులల్ల బీరు ఇంకుతున్నది, చీమలు అప్పుడే మొదలుపెట్టినయి.

"అయ్యో వదినె," అన్నడు ఆశన్న చెట్టు మీదికెళ్లి, "దెబ్బలు తగిలినయా?"

సాయవ్వ నడుసుకుంట పోయింది. బొచ్చుకెళ్లి బీరు బొట్లు బొట్లు కారుతున్నది. తొవ్వల ఆరిపోతదేమో అని ఉరికింది. ముసలి ఎలుగు, అయినా ఉరికింది.

బొంద కాడికి పోయి, మన్ను మీద వంగి, రెండు చేతులతోని ఒంటి బొచ్చును పిండుకున్నది. మెడ కాడిది పిండింది, భుజాలది పిండింది, కడుపుది పిండింది. ఒక్కొక్క బొట్టు పడ్డది. పడ్డ ప్రతి బొట్టు చిన్నగ బుసబుసమన్నది. నురగ ఉన్నది.

"సప్పగ లేదు," అన్నది సాయవ్వ. "తాగు. తీపి జర ఎక్కువైంది. అందరు ఏసిన్రు."

అటెన్క బొంద మీద అట్లనే వాలి పండుకున్నది, ఇంక మిగిలిన తడి గుడ ఆయనకే ముట్టాలని.

మూడురోజులకు విచారణ పెట్టిన్రు. జంగయ్య నిలబడే ఉన్నడు, కూసునేందుకు ఇంకా అయితలేదు.

"బెల్లం ఎక్కువ ఎవరేసిన్రు?" అని అడిగిండు ఆశన్న.

"నేను గింజంతనే ఏసిన," అన్నది దుప్పి. "నేనూ గింజంతనే," అన్నది ఉడుత. ముండ్లపంది, ముంగిస, అందరు గదే మాట. సర్పంచి ముక్క పెద్దదే గద అని ఎవరో గొణిగిన్రు. అది హోదాకు తగ్గ ముక్క గనుక ఎక్కువ అనరాదని ఆశన్న తేల్చిండు.

"మరి ఎవరి ముక్కతోని పగిలినట్టు?"

ఏ ముక్కతోని పగిలిందో చెప్పుడు ఎవనితోని అయితది? ఎవరి ముక్కతోని పగల్లే అని రాసుకున్నరు.

"ఇగ మిగిలింది ఒక్కడే," అన్నడు బుచ్చిలింగం. "అసలు ఆ కుండ పెట్టిందెవరు?"

"ముత్తయ్య."

"ఆయనను పిలిచి అడగాలె గద?" అన్నడు విలాస్ రావు.

"మూడుసార్లు పిలిచినం సార్," అన్నడు ఆశన్న. "హాజరు కాలే. రాకపోతె ఒప్పుకున్నట్టే."

తీర్పు రాసిన్రు. సాయవ్వ ఇంటికి వచ్చి, గడపల నిలబడి ఆశన్న సదివి ఇనిపిచ్చిండు. సీసలు పగిలిన నేరం ముత్తయ్యదే. శిక్ష: ఇగ మీదికెళ్లి ముత్తయ్య ఈ అడవిల బీరు చెయ్యొద్దు.

సాయవ్వ ఖాళీ కుండ పక్కన కూసుని ఇన్నది.

"ఆ మాట ఆయనకు నువ్వే చెప్పు ఆశన్నా," అన్నది. "ఆయన లేవని ఆనాటి పొద్దటి నుంచి లెవ్వు లెవ్వు అని నేను పిలుస్తనే ఉన్న. నా మాట ఇంటలేడు."

అందుకే నేను చెప్పేది ఒక్కటే: తప్పు చెయ్యాలంటె ఒంటిగ చెయ్యకుర్రి, ఊరంత కలిసి చెయ్యుర్రి, అప్పుడది సక్కగ సచ్చినోని మీదికి పోతది.